పాపకి ఎడమ కన్ను లోపలికి తిరుగుతోంది. మెల్లకన్నేనా? ఎక్కడ చూపించాలి?

వంశధార, గుణుపురం (శనివారం రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. మాది గుణుపురం. మా పాపకి మొన్న శ్రావణంలో మూడేళ్ళు నిండాయి. రెండు నెలలుగా ఎడమ కన్ను ముక్కు వైపు తిరుగుతోంది. రోజంతా కాదు. కంచంలోకి చూస్తూ అన్నం తినేటప్పుడు, ఫోన్‌లో బొమ్మలు చూసేటప్పుడు, నిద్ర ముంచుకొచ్చే వేళకి తిరుగుతుంది. పొద్దున లేచిన కాసేపు బాగానే ఉంటుంది. మొదట్లో కావాలని చేస్తోందనుకుని ఒకసారి గట్టిగా కసిరాను కూడా.

మా అత్తగారు మెల్లకన్ను అదృష్టం అంటున్నారు. మా మరిదికి కూడా చిన్నప్పుడు ఉండేదట, పెద్దయ్యాక అదే సర్దుకుందట. పక్కింటి ఒడియా ఆవిడ నిన్న పాపను ముద్దుగానే 'టేరా' (మెల్లకన్ను) అని పిలిచింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మా ఆయన పని మీద చెన్నైలో ఉంటారు, దసరాకి గాని రారు. అప్పటిదాకా ఆగవచ్చా? ఆపరేషన్ ఒక్కటే దారా? ఇక్కడి వాళ్ళు ఎవరైనా చూపించుకుని ఉంటే చెప్పండి.

నాగావళి, రాయగడ (శనివారం రాత్రి 10:25)

అమ్మా వంశధారా, దసరా దాకా ఆగొద్దు. ఈ వారమే ప్రయాణం పెట్టుకో. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆగాను కాబట్టి.

మా బాబుకి మూడున్నరేళ్ళప్పుడు కుడి కన్ను అచ్చం ఇలాగే తిరిగేది. మా ఇంట్లోనూ ఇవే మాటలు. ఇక్కడ ఒక కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్తే మెషీన్ ముందు కూర్చోబెట్టి ఏదో చిన్న పవర్ రాసిచ్చారు. కంట్లో చుక్కలు వేయలేదు. ఏ కన్నుకి ఎంత చూపు ఉందో విడివిడిగా చూడలేదు. ఆ అద్దాలు పెట్టినా కన్ను తిరుగుతూనే ఉంటే, వీటివల్ల లాభం లేదని నేనే తీసి పక్కన పడేశాను. రెండేళ్ళు అలా పోయాయి.

బాబుకి ఐదున్నరేళ్ళప్పుడు విశాఖలో సరిగ్గా పరీక్ష చేశారు. బాగున్న ఎడమ కన్నుని మూయగానే వాడు ఏడవడం మొదలుపెట్టాడు. చేతులతో తడుముకుంటూ "అమ్మా, లైటు వెయ్యి" అన్నాడు. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆ కంటికి అప్పుడు 6/60 చూపు. అంటే మామూలు వాళ్ళు అరవై మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని వాడు ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేడు. బయటికి మాత్రం కన్ను కొంచెం వంకరగా ఉందనే కనిపించేది, అంతే.

ఆ తర్వాత ఏడాదిన్నర ప్యాచ్ వేశాం, అంటే బాగున్న కంటిని రోజూ కొంతసేపు అంటించే పట్టీతో మూసి ఉంచాం. ఇప్పుడు 6/12కి వచ్చింది. అంతకంటే ముందుకు కదలలేదు. మూడున్నరేళ్ళకే వచ్చి ఉంటే ఇంకా బాగా వచ్చేదని డాక్టరమ్మ మెల్లగానే చెప్పారు. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది.

కాశీనగరం పిన్ని (ఆదివారం ఉదయం 6:40)

నాగావళీ, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు గాని ఆ పిల్లని మరీ భయపెట్టకు. మా చెల్లెలి మనవడికి ఏడాది వయసులో రెండు కళ్ళూ లోపలికి ఉన్నట్టే కనిపించేవి. ఏ మందూ వాడలేదు. ఇప్పుడు రెండో తరగతి, కళ్ళు చక్కగా ఉన్నాయి. అన్నీ ఒకలాగే ఉండవు కదమ్మా.

కిమిడి మాస్టారు, పర్లాకిమిడి (ఆదివారం ఉదయం 8:15)

పిన్నిగారు చెప్పిన బాబుది బహుశా అసలు మెల్లకన్ను కాదేమో. పసిపిల్లలకి ముక్కుదూలం వెడల్పుగా ఉండి, కంటి లోపలి మూలన చర్మం మడత పడి ఉంటే, తెల్లగుడ్డు ముక్కు వైపున తక్కువ కనిపిస్తుంది. చూసేవాళ్ళకి కళ్ళు లోపలికి ఉన్నట్టు అనిపిస్తుంది. ముక్కు ఎదిగాక ఆ రూపం మారిపోతుంది. "పెద్దయితే అదే పోతుంది" అనే మాట ఊళ్ళలో పుట్టింది ఇలాంటి పిల్లల వల్లేనని నా అనుమానం. నిజం మెల్ల ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ మాటనే నమ్ముకుని కూర్చుంటారు.

ఇంట్లో ఒకటి చేసి చూడవచ్చు. పాప నేరుగా కెమెరా వైపు చూస్తున్నప్పుడు ఫ్లాష్ వేసి ఫోటో తీయండి. రెండు కళ్ళలోనూ చిన్న తెల్ల చుక్కలా వెలుగు పడుతుంది. రెండు చుక్కలూ కనుపాపల్లో ఒకే చోట ఉంటే మంచి సూచన. ఒక కంటిలో నడిమిన, రెండో కంటిలో పక్కకి జరిగి ఉంటే చూపించవలసిందే. చుక్కలు సమంగా పడ్డాయని పరీక్ష మానుకోవద్దు. వచ్చిపోయే మెల్ల ఆ క్షణానికి దాక్కుని ఉండవచ్చు.

నేను ముప్పై నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. నాలుగో తరగతిలో ఒక కుర్రాడు ఎప్పుడూ తలను భుజం మీదికి వాల్చి కూర్చునేవాడు. తల నిటారుగా పెట్టమని ఎన్నిసార్లు మందలించానో. ఒకసారి బెంచీ మీద నిలబెట్టాను కూడా. తర్వాత తెలిసింది, వాడికి కంటిని తిప్పే ఒక నరం పుట్టుకతోనే బలహీనమని. తల వాల్చితేనే వాడికి బొమ్మ ఒకటిగా కనిపించేది. నిటారుగా పెడితే బోర్డు మీద ప్రతి అక్షరం రెండుగా కనిపించేది. నేను తిట్టినప్పుడల్లా వాడు తల సరిచేసి, రెండుగా కనిపించే అక్షరాలనే చదవబోయేవాడు. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నా మనసు కలుక్కుమంటుంది. ఇక్కడ టీచర్లు ఎవరైనా చదువుతుంటే, తల వాల్చే పిల్లల్ని, ఎండలోకి రాగానే ఒక కన్ను మూసే పిల్లల్ని ఒక్కసారి గమనించండి.

జయపురం ఆప్టోమ్ (ఆదివారం మధ్యాహ్నం 2:05)

నమస్కారం. నేను జయపురంలో ఒక కంటి క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి కళ్ళజోడు పవర్ రాయడం నా పని. డాక్టర్‌ని కాదు, పైగా పాపను చూడలేదు, కాబట్టి ఇదేనని తేల్చి చెప్పను. కానీ వంశధార గారూ, మీరు చాలా పనికొచ్చే వివరాలు రాశారు. మూడేళ్ళ వయసు, దగ్గరి వస్తువులు చూసేటప్పుడు, అలసినప్పుడు, లోపలికి. ఈ నాలుగూ కలిస్తే మేము మొదట అనుమానించేది ప్లస్ పవర్, అంటే దీర్ఘదృష్టి.

చిన్న పిల్లలకి ప్లస్ పవర్ ఎక్కువగా ఉంటే, స్పష్టంగా కనిపించడానికి కంటిలోని లెన్సు గట్టిగా బిగుసుకోవాలి. మన మెదడులో ఆ బిగింపుకీ, రెండు కళ్ళు లోపలికి తిరగడానికీ ముడి ఉంది. దగ్గరి వస్తువు చూసినప్పుడు మీ కళ్ళూ నా కళ్ళూ కూడా లోపలికి తిరుగుతాయి. పాప మామూలు కంటే ఎక్కువ బిగించాల్సి వస్తోంది కాబట్టి కన్ను కూడా ఎక్కువ తిరుగుతుంది. పాప కావాలని చేయడం లేదు. కసిరానని బాధపడకండి, చాలామంది తల్లులు అలాగే అనుకుంటారు. ఈ రకానికి మందు కళ్ళజోడే. సరైన పవర్ పడితే బిగింపు అవసరం ఉండదు, కన్ను నేరుగా నిలుస్తుంది. కొందరికి పూర్తిగా, కొందరికి సగమే. ఆ మిగిలిన సగానికే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

అందుకే నాగావళి గారు చెప్పిన చుక్కల విషయం ముఖ్యం. పిల్లల కంట్లో లెన్సు ఎప్పుడూ బిగుసుకుంటూ ఉంటుంది గనక చుక్కలు వేయకుండా చూస్తే ప్లస్ పవర్ దాక్కుంటుంది. +5 ఉన్న పిల్లకి మెషీన్ +1 చూపించినా చూపిస్తుంది. అట్రోపిన్ గాని, సైక్లోపెంటోలేట్ లాంటివి గాని వేసి, ఆ కండరాన్ని సడలించి, టార్చిలాంటి రెటినోస్కోప్‌తో చేత్తో కొలవాలి. పాప నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. చుక్కలు వేయకుండా మూడేళ్ళ పిల్లకి ఎవరైనా పవర్ రాసిస్తే అక్కడ ఆర్డర్ ఇవ్వకండి.

ఎందుకు ఆగకూడదో కూడా చెబుతాను. ఒక కన్ను పక్కకి చూస్తే మెదడుకి రెండు వేరు వేరు బొమ్మలు అందుతాయి. పెద్దవాళ్ళకైతే రెండుగా కనిపిస్తుంది. పిల్లల మెదడు ఆ గందరగోళం భరించలేక ఒక కంటి బొమ్మను వదిలేస్తుంది. అలా వదిలేస్తూ పోతే కన్ను ఆరోగ్యంగా ఉన్నా చూపు పెరగదు. దాన్నే లేజీ ఐ అంటారు. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల కన్ను ఒకటి కొన్నాళ్ళు మూసి ఉంచి, తర్వాత తెరిచినా మెదడు ఆ కంటిని పట్టించుకోకపోవడం చూశారు. మెదడులో చూపు ఎలా అమరుతుందో కనిపెట్టినందుకు వాళ్ళకి 1981లో నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఆ అమరిక ఎక్కువగా ఏడెనిమిదేళ్ళ లోపు జరిగిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఫోటోలో గాని, మామూలు వెలుతురులో గాని ఒక కనుపాప తెల్లగా, పిల్లి కన్నులా మెరిస్తే వారం కూడా ఆగవద్దు. లోపల శుక్లం గాని, రెటీనోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ గాని ఉండవచ్చు. ఆ గడ్డ మొదట మెల్లకన్నుగానే బయటపడటం కూడా ఉంది. తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది. మెల్ల ఉన్న ప్రతి పిల్లకీ కంటి వెనక భాగం చూడాలనేది ఇందుకే.

వంశధార, గుణుపురం (ఆదివారం సాయంత్రం 5:30)

మాస్టారు చెప్పినట్టు ఫోటో తీశాను. బొమ్మ చూపించి తీస్తే ఎడమ కంటిలో చుక్క బయటి వైపుకి జరిగి ఉంది. తెల్ల మెరుపు లేదు, నాలుగు ఫోటోలు తీసి చూసుకున్నాను. మా అత్తగారికి చూపిస్తే ఏమీ అనలేదు. కాసేపయ్యాక "ఎప్పుడెళ్దాం" అని అడిగారు.

ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి. డబ్బు ఎంత పట్టుకెళ్ళాలి?

నాగావళి, రాయగడ (ఆదివారం సాయంత్రం 6:10)

రాయగడలోనే ఎల్.వి. ప్రసాద్ వాళ్ళ కంటి కేంద్రం ఉంది. మొదటి పరీక్షకి అక్కడికి రావచ్చు, అవసరమైతే వాళ్ళే పై ఆసుపత్రికి రాస్తారు. నేరుగా పిల్లల కంటి విభాగానికే వెళ్ళాలంటే విశాఖలో హనుమంతవాక జంక్షన్ దగ్గర వాళ్ళ పెద్ద ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టలేని వాళ్ళకి అక్కడ ఉచితంగా చూస్తారు, ఆ మాట కౌంటర్లోనే చెప్పాలి. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. బరంపురం వైపు వాళ్ళకి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో కంటి విభాగం ఉంది.

కార్డు సంగతి ముందే తెలుసుకో. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మన ఒడిశా రేషన్ కార్డుకి వర్తించదు. అది తెలియక నేను కౌంటర్ దగ్గర చాలా ఇబ్బంది పడ్డాను. ఆయుష్మాన్ కార్డు ఉంటే వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది గాని, ఆ ఆసుపత్రి ఆ జబ్బుకి జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి అడిగే కదులు. అది చేరి వైద్యం చేయించుకుంటేనే పనికొస్తుంది. ఓపీ పరీక్షకి, కళ్ళజోడుకి మన డబ్బే.

కిమిడి మాస్టారు, పర్లాకిమిడి (ఆదివారం రాత్రి 7:45)

ఇంకో దారి కూడా ఉంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర పథకం నడుస్తోంది, పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వాళ్ళ వైద్య బృందం రావాలి. చూపు లోపం ఉందని వాళ్ళు రాసిస్తే పెద్ద ఆసుపత్రికి పంపించే బాధ్యత వాళ్ళదే. అంగన్‌వాడీ అమ్మాయిని అడగండి. కానీ వాళ్ళు వచ్చేదాకా ఎదురుచూడవద్దు, ఇది పక్కన జరుగుతూ ఉండాలి.

కాఫీ కొండ, కోరాపుట్ (ఆదివారం రాత్రి 9:20)

ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నాది బయటి వైపు తిరిగే మెల్ల. చిన్నప్పుడు ఎండలో కుడి కన్ను మూసుకునేదాన్ని. ఆలోచిస్తూ కూర్చుంటే కన్ను జారిపోయేది. బాగా చదివేదాన్ని, కానీ ఫోటోల్లో ఎప్పుడూ పక్కకి తిరిగి నిలబడేదాన్ని. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలో ఒకావిడ నా ముఖం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఆ రాత్రే మా నాన్నతో ఆపరేషన్ చేయించమని అడిగాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

చాలామంది ఇంత వయసులో చేయరన్నారు. చేస్తారు. వయసు అడ్డం కాదు. పెద్దయ్యాక చేస్తే అందం కోసమే అనేవాళ్ళున్నారు, నాకు ఆ మాట నచ్చదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడగలగడం అలంకారం కాదు.

భయపడేవాళ్ళ కోసం ఎలా చేస్తారో చెబుతాను. కనుగుడ్డుని బయటికి తీస్తారని మా ఊళ్ళో గట్టిగా నమ్ముతారు. అది అబద్ధం. కన్ను ఉన్నచోటే ఉంటుంది. ప్రతి కంటికీ దాన్ని తిప్పే కండరాలు ఆరు ఉంటాయి. పైనున్న పలుచని పొరని చిన్నగా కోసి, ఎక్కువ లాగుతున్న కండరాన్ని విప్పి కొంచెం వెనక్కి కుడతారు, లేదా బలం చాలని కండరాన్ని కొంచెం కత్తిరించి బిగిస్తారు. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. పిల్లలకి పూర్తిగా మత్తు ఇస్తారు. నన్ను అదే రోజు సాయంత్రం ఇంటికి పంపారు. రెండు మూడు వారాలు కన్ను ఎర్రగా ఉంది, ఇసుక పడినట్టు గరగరలాడింది. మొదటి పది రోజులు కొంచెం రెండుగా కనిపించింది, తర్వాత కుదురుకుంది. మళ్ళీ కొంచెం జారితే రెండోసారి చేయాల్సి రావచ్చని ముందే చెప్పారు. అలా కావడం అరుదేమీ కాదు.

చూపు పెరుగుతుందని మాత్రం ఆపరేషన్ చేయించుకోకండి. అది కన్నుని నిలబెడుతుంది, చూపుని పెంచేది అద్దాలు, ప్యాచ్.

కిమిడి మాస్టారు, పర్లాకిమిడి (ఆదివారం రాత్రి 9:50)

కాఫీ కొండ అమ్మాయీ, నువ్వు రాసింది చాలామందికి ధైర్యం ఇస్తుంది. ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే సర్జన్ ఏడేళ్ళ కుర్రాడికి చేశాడు. అప్పటికి మత్తుమందు కూడా లేదు. ఆ పిల్లవాడు ఎలా ఓర్చుకున్నాడో.

సిల్క్ సిటీ, బరంపురం (సోమవారం ఉదయం 7:00)

పెద్దవాళ్ళ సంగతి ఒకటి చెప్పి వెళ్తాను. నాకు యాభై రెండు, పదేళ్ళుగా షుగర్. ఒక పొద్దున లేచేసరికి వీధి రెండుగా కనిపించింది. ఎడమ కన్ను లోపలికి వెళ్ళిపోయి బయటికి తిరగడం లేదు. మెల్లకన్ను వచ్చింది, ఏదో దిష్టి అన్నారు. డాక్టరు చూసి, కన్నుని బయటికి తిప్పే ఆరో నరానికి షుగర్ వల్ల రక్తం సరిగ్గా అందలేదన్నారు. షుగర్, బీపీ అదుపులో పెట్టుకుని, ఆ కంటికి ప్యాచ్ వేసుకుని ఉంటే మూడు నెలల్లో మెల్లగా తగ్గింది. పెద్దవాళ్ళకి హఠాత్తుగా మెల్ల వచ్చి రెండుగా కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కనురెప్ప వాలిపోయినా, ఒక కనుపాప పెద్దదైనా, తలనొప్పి విపరీతంగా ఉన్నా ఇక ఒక్క గంట కూడా ఆగకూడదని నాకు గట్టిగా చెప్పారు.

కాశీనగరం పిన్ని (సోమవారం ఉదయం 9:30)

మా వీధిలో ఒకాయన పెన్సిల్ చూపిస్తూ దగ్గరికీ దూరానికీ జరపమంటాడు, రోజూ చేస్తే మెల్ల పోతుందట. అలాంటివి చేయించవచ్చా బాబూ?

జయపురం ఆప్టోమ్ (సోమవారం మధ్యాహ్నం 1:15)

పిన్నిగారూ, పెన్సిల్ కసరత్తు ఉన్నదే, కానీ అది వేరే ఇబ్బందికి. దగ్గరి పని చేసేటప్పుడు కళ్ళు లోపలికి చాలినంత తిరగక తలనొప్పి వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. ఈ పాప కన్ను ఇప్పటికే ఎక్కువ లోపలికి వస్తోంది కదా, దానికి పెన్సిల్ దగ్గరికి జరిపి చూపించడం తిరగబడ్డ వైద్యం. ఆకుపసరు, తేనె, తల్లిపాలు కంట్లో వేయడం అసలే వద్దు. ఇక్కడ క్లినిక్‌కి నల్లగుడ్డు మీద పుండ్లతో వచ్చే పిల్లల్ని చూస్తుంటాను.

వంశధార, గుణుపురం (ఆరు రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 8:40)

వెళ్ళొచ్చాం. అత్తగారు, నేను, పాప. పొద్దున రైలెక్కి పర్లాకిమిడి, నౌపడా మీదుగా విశాఖ చేరి, మా పిన్ని కూతురింట్లో దిగాం.

మొదట ఒక చిన్న గందరగోళం. బొమ్మల చార్టు చూపించి ఇదేంటి అని అడిగితే పాప ఒక్క మాట మాట్లాడలేదు. చూపు చాలా తక్కువని రాయబోయారు. మా పాప అంగన్‌వాడీలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇల్లుని ఒకచోట ఘర అంటుంది, ఒకచోట ఇల్లంటుంది, కొత్తవాళ్ళ ముందు ఏదీ అనదు. మా అత్తగారే కల్పించుకుని "దానికి కనిపిస్తోందమ్మా, ఏ భాషలో చెప్పాలో తెలియక ఊరుకుంది" అన్నారు. అప్పుడు చేతిలో ఒక అట్ట పెట్టి, దూరంగా చూపించిన బొమ్మలాంటిదాన్ని ఇక్కడ వేలితో చూపించమన్నారు. టకటకా చూపించింది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పండి, పేరు చెప్పించకుండా చూపించే పరీక్ష పెట్టమని అడగండి.

పవర్ రెండు కళ్ళకీ +5. ఎడమ కంటికి అర పాయింటు ఎక్కువ. లోపల రెటీనా అంతా బాగుందన్నారు. చూపులో కొంచెం తేడా ఉంది. ముందు అద్దాలు పెట్టి ఆరు వారాలు చూసి, తేడా మిగిలితే అప్పుడు ప్యాచ్ అన్నారు. ఆపరేషన్ మాట ఇప్పుడే కాదన్నారు. చుక్కల వల్ల కనుపాపలు ఇంకా పెద్దవిగానే ఉన్నాయి, ఎండలోకి రాగానే ముఖం దాచుకుంటోంది.

నాగావళి, రాయగడ (ఆదివారం రాత్రి 9:15)

గట్టెక్కావమ్మా. అట్రోపిన్ అయితే పది, పదిహేను రోజులు అలాగే ఉంటుంది, టోపీ పెట్టు.

ప్యాచ్ అవసరం పడితే నా అనుభవం గుర్తుంచుకో. అద్దం మీద కాదు, చర్మం మీదే అంటించాలి. అద్దం మీద పెడితే పక్క సందులోంచి చూసేస్తారు. బాగున్న కంటికే వేయాలి, బలహీనమైన కంటికి కాదు. మా ఇంట్లో మొదటి నెల యుద్ధమే. రెండుసార్లు అర్ధరాత్రి పీకేసి మంచం కింద దాచాడు. మా ఆయన ఒకరోజు తన కంటికీ ఒకటి అంటించుకుని వాడి పక్కన కూర్చుని పూసలు గుచ్చారు. ఆ రోజు నుంచి గొడవ తగ్గింది. ప్యాచ్ వేసినంతసేపూ దగ్గరి పని చేయించాలి. రంగులు వేయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఏదైనా. చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళినప్పుడు కూడా వేసే తీసుకెళ్ళాను. అందరూ ఏమైందని అడిగారు. వాడే "ఈ కంటికి సెలవు, ఆ కంటికి బడి" అని చెప్పాడు.

జయపురం ఆప్టోమ్ (ఆదివారం రాత్రి 10:00)

మంచి వార్త. ప్యాచ్ గంటల గురించి తల్లులు చాలా బెంగపెట్టుకుంటారు కాబట్టి చెబుతున్నాను. ఏడేళ్ళ లోపు పిల్లల మీద అమెరికాలో పీడిగ్ అనే వైద్యుల బృందం చేసిన పరిశోధన 2003లో వచ్చింది. లోపం ఓ మోస్తరుగా ఉంటే రోజుకి రెండు గంటలు వేసినా, ఆరు గంటలు వేసినా నాలుగు నెలల్లో ఫలితం దాదాపు ఒకటే. కాబట్టి రోజంతా కట్టాలేమోనని ముందే దిగులుపడకండి. గంటలు డాక్టరే చెబుతారు, సొంతంగా పెంచకండి. ఎక్కువైతే బాగున్న కన్ను మందగించే ప్రమాదం ఉంది, రివ్యూలకి రమ్మనేది అందుకే.

వంశధార, గుణుపురం (మూడు వారాల తర్వాత, గురువారం ఉదయం 11:20)

మళ్ళీ టెన్షన్ పట్టుకుంది. అద్దాలు పెట్టుకుంటే కన్ను చక్కగా నేరుగా ఉంటోంది, చూస్తే నమ్మలేం. కానీ స్నానానికి తీసేసరికి మునుపటి కంటే ఎక్కువ లోపలికి వెళ్ళిపోతోంది. అద్దాల వల్లే కన్ను పాడవుతోందని పక్కింటావిడ అంటోంది. నిజమా?

జయపురం ఆప్టోమ్ (గురువారం మధ్యాహ్నం 12:50)

నిజం కాదు. ఇది ప్రతి తల్లీ మూడో వారంలో అడిగే ప్రశ్న, దీని దగ్గరే ఎంతోమంది అద్దాలు మానేస్తారు. అద్దాలున్నప్పుడు పాప బిగించకుండా హాయిగా చూడటం నేర్చుకుంది. తీయగానే స్పష్టత కోసం మళ్ళీ ఒక్కసారిగా బిగిస్తుంది, కన్ను లోపలికి వస్తుంది. తేడా మీకు ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, ఎందుకంటే మిగతా సమయమంతా నేరుగా ఉంటోంది. అద్దాలు లేకుండా తిరగడం, అద్దాలతో నిలవడం, ఈ రెండూ కలిస్తేనే ఇది పవర్ వల్ల వచ్చిన మెల్ల అని రూఢి అవుతుంది. స్నానం, నిద్ర తప్ప తీయకండి. కళ్ళజోడు కాళ్ళు చెవుల వెనక చుట్టుకునేలా, ముక్కు దగ్గర సిలికాన్ ఉన్న ఫ్రేము, వెనక సాగే పట్టీ అడగండి. ముక్కు మీదికి జారిపోతే పై సందులోంచి చూస్తుంది, అప్పుడు పెట్టినా పెట్టనట్టే.

వంశధార, గుణుపురం (అదే రోజు రాత్రి 9:30)

చాలా థాంక్స్ అండీ. పట్టీ ఇక్కడ దొరకలేదు, మా అత్తగారు పాత లంగా బొందులోని సాగే దారంతో కుట్టి పెట్టారు. బాగా ఆగుతోంది.

ఇంకో సంగతి. ఇది రాయాలా వద్దా అనుకున్నాను, అత్తగారే రాయమన్నారు. మరిది నిన్న ఇంటికి వచ్చాడు. పాపకి చేసినట్టే అతని ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చదవమన్నారు ఆవిడ. కుడి కన్ను మూస్తే, ఎడమ కంటితో పెద్ద అంకెలు కూడా చదవలేకపోయాడు. తనకే తెలియదట, ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చాయి. "సర్దుకుంది" అనుకున్నది సర్దుకోలేదు. చిన్నప్పుడు బాగా తిరిగిన కన్ను ఇప్పుడు కొంచెమే తిరుగుతుంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. అత్తగారు రాత్రి అన్నం తినలేదు. అతనికి ఇప్పుడు ఏమైనా చేయొచ్చా?

జయపురం ఆప్టోమ్ (గురువారం రాత్రి 10:20)

చూపించండి. చూపు పిల్లలకి వచ్చినట్టు వస్తుందని ఆశ పెట్టను. ముప్పై దాటాక లేజీ ఐలో పెద్ద మార్పు కష్టం. కానీ ఆ కంటికి పవర్ ఉందేమో, లోపల ఇంకేదైనా కారణం ఉందేమో ఇంతవరకూ ఎవరూ చూడలేదు కదా. కన్ను నేరుగా నిలబెట్టాలనుకుంటే ఈ వయసులోనూ వీలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆయనకి పనికొచ్చే కన్ను ఒక్కటే. బండి మీద, పనిచేసే చోట పగలని పాలీకార్బొనేట్ అద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి, పవర్ లేకపోయినా సరే. అత్తగారికి నా నమస్కారం చెప్పండి. ముప్పై ఏళ్ళ కింద ఈ ఊళ్ళలో ఆవిడకి చెప్పేవాళ్ళు ఎవరున్నారు.

కాశీనగరం పిన్ని (శుక్రవారం ఉదయం 6:15)

అమ్మా, ఆవిణ్ణి ఒక్కర్తినీ ఉండనివ్వకు. నా మాటగా చెప్పు, మేమంతా అలాగే అనుకున్నాం. నేను కూడా మా చెల్లెలి మనవడిని ఒకసారి పరీక్షకి తీసుకెళ్ళమన్నాను.

వంశధార, గుణుపురం (శుక్రవారం రాత్రి 8:05)

చెప్పాను పిన్నీ. పాప రివ్యూ వచ్చే నెల రెండో వారంలో. ఈసారి మరిది కూడా వస్తున్నాడు. రైలు టికెట్లు నలుగురికి తీశాను.